మన పందికొక్కే రా అది

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

సిడ్నీ నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. పచ్చటి లాన్ నిండా గరాటు ఆకారంలో గుంతలు, పక్కనే ముక్కు పొడుగ్గా బ్యాండికూట్ గారు. జంతువూ ఇక్కడిదే, పేరూ ఇక్కడిదేనని మీ పక్కింటాయన చెప్పాడని రాశావు చూడు, అక్కడ నవ్వాగలేదు. పేరు మనది రా! నోరు తిరగని దొరల పాలబడ్డ పందికొక్కు. పందిని నంది చేసేవాళ్ళని చూశాం, వీళ్ళు ఏకంగా బండిని చేశారు. ఇది తెలుగు మాటేనని 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనే ఉంది.

కొక్కు అంటే పెద్ద ఎలుక, సరే. ముందు పంది ఎందుకొచ్చిందంటావా? మా ఇంటికి రా, చూపిస్తాను. వానలు మొదలైన దగ్గర్నుంచీ సంపు పక్కన ఒకటి కాపురం పెట్టింది. తెల్లారేసరికి బుట్టెడు మట్టి తోడి పోస్తోంది. మొన్న రాత్రి టార్చి వేస్తే పారిపోతుందనుకున్నాను. లేదు. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, అచ్చం పందిలాగే గుర్రుమంది. నేనే లోపలికొచ్చి తలుపేసుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది. బోనులో మిర్చి బజ్జీ పెట్టాం. బజ్జీ పోయింది, బోను ఖాళీ!

నీ లాన్‌లోది అసలు ఎలుక జాతే కాదు, కంగారూలకి దూరపు చుట్టం. 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు దానికి ఈ పేరు వాడాడు. పొట్ట కింద సంచి ఉంటుంది కదా, దాని మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. తవ్వేటప్పుడు లోపలున్న పిల్లల మీద మట్టి పడదు. ఆ ఏర్పాటు మాత్రం నాకు భలే నచ్చింది.

ఇంకోటి విను. పైన మొక్క కదలకుండా కింద నుంచి ఆలుగడ్డలు లాగేయడాన్ని మీ ఆస్ట్రేలియా వాళ్ళు 'బ్యాండికూట్ చేయడం' అంటారు. మనమేమో లంచాలు మేసేవాణ్ణి పందికొక్కంటాం. సముద్రాలు దాటినా దాని మీద దొంగతనం కేసు కొట్టేయలేదన్నమాట!

నువ్వో పని చెయ్. మీ పక్కింటాయన చేత 'పం-ది-కొ-క్కు' అని నాలుగుసార్లు పలికించి వాయిస్ మెసేజ్ పెట్టు. సంపు దగ్గర దానికి వినిపిస్తాను.

నీ
రఘు