పెట్టెతో పాటు పంపుతున్న ఉత్తరం

ఎడిసన్, న్యూజెర్సీ
2004 నవంబరు 14, ఆదివారం

నాన్నగారికి,

నమస్కారాలు. మేమంతా బాగున్నాం. మొన్న శుక్రవారం దీపావళికి ఇక్కడ సెలవు లేదు. ఆఫీసు నుంచి వచ్చాక గుమ్మంలో నాలుగు దీపాలు పెట్టాం. ఈ రాష్ట్రంలో కాకరపువ్వొత్తి కాల్చడం కూడా నేరమే అని చెబితే మీ మనవడు ఒక పూటంతా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

పోయిన వారం తమ్ముడు ఫోన్లో ఒక మాట చెప్పాడు. మీరు టీవీలో సినిమాలు చూడటం మానేశారట. "మాటలు ఒక్కటీ అందట్లేదు, ఫైటింగులొస్తే మాత్రం చెవులు పగిలిపోతున్నాయి" అన్నారట. మీరు సౌండ్ పెంచడం, అమ్మ వంటింట్లోంచి వచ్చి తగ్గించడం, చివరికి మీరు లేచి అరుగు మీదకెళ్ళి కూర్చోవడం. విన్నప్పటి నుంచి మనసు అదోలా ఉంది. ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటర్‌గా చేసిన మనిషి సినిమా చూడకుండా అరుగు మీద కూర్చోవడమేమిటి?

అందుకే ఈ డీవీడీ ప్లేయరు. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన విజయవాడ వెళ్తున్నారు, ఆయనతో పంపిస్తున్నాను. తమ్ముడు బస్టాండు దగ్గర తీసుకుంటాడు. కొట్టు కుర్రాడిని పిలిచి బిగించమని మాత్రం చెప్పకండి. మీరే బిగించాలి. ఈ ఉత్తరం అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీకిది కొత్త విద్యేమీ కాదు నాన్నా. రీలు అంచున సన్నగా సౌండ్ ట్రాక్ ఉండేది చూడండి, బల్బు వెలుతురు దాని గుండా పోయి అవతల ఫోటోసెల్ మీద పడితే మాట వచ్చేది. చిన్నప్పుడు నన్ను స్టూలు మీద నిలబెట్టి చూపించారు. డీవీడీలోనూ వెలుతురే చదువుతుంది. కాకపోతే బల్బు బదులు ఎర్రటి లేజరు, ఫిల్ము మీద గీతల బదులు బిళ్ళలో చిన్న చిన్న గుంటలు. గుంట ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా వెలుతురు వెనక్కి వస్తుంది. ఆ తేడానే బొమ్మ, మాట, పాట అన్నీ. ఆ గుంటల వరుస లోపల మొదలై చుట్లు చుట్టుకుంటూ అంచుదాకా వెళ్తుంది. ఇంటర్వెల్లో మీరు వేసే గ్రామఫోను రికార్డుకి సరిగ్గా తిరగేసి. వరుసకీ వరుసకీ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే ఒక వెంట్రుక మందంలో సుమారు వంద వరుసలు పడతాయి. మొత్తం విప్పి పరిస్తే దగ్గర దగ్గర 12 కిలోమీటర్లు. లోపలి చుట్లు చదివేటప్పుడు బిళ్ళ నిమిషానికి 1400 సార్లు తిరుగుతుంది, అంచుకొచ్చేసరికి 600 లోపుకి తగ్గుతుంది. ఇదంతా 16 గ్రాముల బిళ్ళలో. పదహారు రీళ్ళ సినిమా పెట్టెలు రైలు దింపి రిక్షాలో వేసుకొచ్చిన రోజులు గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

తమ్ముడు తెచ్చే వీసీడీలకీ దీనికీ తేడా ఏమిటని మీరు అడుగుతారు. వీసీడీ మామూలు సీడీయే. 74 నిమిషాలే పడుతుంది కాబట్టి మన సినిమా రెండు మూడు ముక్కలవుతుంది. బొమ్మలో 288 గీతలే ఉంటాయి, అందుకే ఎవరైనా పరిగెత్తితే గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. డీవీడీలో మన టీవీ లెక్కలో 576 గీతలు. ఒక పొరలో 4.7 గిగాబైట్లు, రెండు పొరలుంటే 8.5. రెండు పొరల డిస్కయితే మధ్యలో ఎక్కడో రెప్పపాటు బొమ్మ ఆగుతుంది. లేజరు ఒక పొర ముగించి రెండో పొర మీదకి చూపు మార్చుకుంటోందన్నమాట. పాడైందనుకోకండి, అది దాని చేంజోవరు. కుడివైపు మూలన చుక్క పడగానే రెండో ప్రొజెక్టరు వదిలేవారు మీరు, జనానికి తెలిసేదే కాదు. ఈ విషయంలో మిషను మీకంటే కొంచెం తక్కువే.

ఫిల్ములో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే కదా. ఇక్కడ అలా కుదరదు, చోటు చాలదు. అరసెకనుకి ఒకసారి పూర్తి బొమ్మ దాచి, మిగతా వాటిలో ఏం మారిందో అదొక్కటే రాసుకుంటుంది. గోడ ముందు హీరో తల తిప్పితే తల సంగతే రాస్తుంది, గోడ సంగతి రాయదు. దీన్ని ఎంపెగ్-2 అంటారు. బజార్లో ఒకే డీవీడీలో నాలుగు సినిమాలు అని అమ్ముతారే, అందులో ఉన్న చోటుని నలుగురూ పంచుకుంటారు కాబట్టి వీసీడీ కంటే గొప్పగా ఏమీ ఉండదు. అయినా దొంగ ప్రింటు ఇంట్లోకి రానివ్వరు మీరు, ఆ సంగతి నాకెందుకు.

ఇంకొకటి, మీకు నచ్చుతుందని రాస్తున్నాను. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన దేశపు టీవీల పద్ధతి, పాల్ అంటారు, సెకనుకి 25. ఆ పద్ధతిలో చేసిన డీవీడీల్లో 24ని 25గా తిప్పేస్తారు, అందుకని రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది. సెకండ్ షో త్వరగా వదిలెయ్యడానికి వేగం పెంచే ఆపరేటర్లని మీరు తిట్టేవారు కదా! ఇక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. అందులో కొన్ని ఫ్రేముల్ని రెండుసార్లు, కొన్నింటిని మూడుసార్లు చూపి నిడివి కాపాడతారు. ఇక్కడ ఓక్ ట్రీ రోడ్డు కొట్లలో దొరికే తెలుగు డీవీడీలు ఎక్కువ ఈ రకమే. పెట్టెలో ఆరు పెట్టాను.

రీజియన్ అని ఒక పేచీ కూడా ఉంది. సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలు చేసి నంబర్లిచ్చాయి. అమెరికాకి 1, మనకి 5. ఇక్కడ కొన్న ఇంగ్లీషు డిస్కు అక్కడ కొన్న ప్లేయర్లో పెడితే చాలాసార్లు ఆడదు. నైజాం హక్కులు ఒకరికి, సీడెడ్ హక్కులు ఒకరికి అమ్మినట్టే అనుకోండి. నేను పంపేది అన్ని నంబర్లూ ఆడే రకం.

వోల్టేజీ గురించి భయపడకండి. ఇక్కడ కరెంటు 120, అక్కడ 230. పోయినేడు మా అత్తగారికి నేను పంపిన కాఫీ మిషను ప్లగ్గులో పెట్టగానే పొగ వచ్చింది, ఆవిడ ఇప్పటికీ ప్రతి ఫోన్లో గుర్తుచేస్తారు. ఈసారి బుద్ధి తెచ్చుకుని వెనక 100-240 అని రాసి ఉన్నదే కొన్నాను. ప్లగ్గు మొనలు మాత్రం మనవి కావు, వాటికి తగిలించే పిన్ను కూడా వేశాను. స్పీకర్లు, వాటిని నడిపే రిసీవరు ఇక్కడ కొనలేదు. అవి బరువు, పైగా 120కే చేసినవి. తమ్ముడిని గవర్నర్‌పేట వెళ్ళి కొనమనండి, డబ్బు పంపించాను. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో 2000 వాట్లు పీఎంపీఓ అని ఉంటుంది. దాన్ని నమ్మొద్దు. నిలకడగా ఇచ్చే వాట్లు, అంటే ఆర్ఎంఎస్, ఎంత అని అడగమనండి. మన ముందు గదికి స్పీకరుకి 40 ఉంటే చాలు. సెంటర్ స్పీకరు చిన్నది ఇస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దని చెప్పండి.

ఇదంతా ఆ స్పీకరు కోసమే. హాల్లో తెల్ల తెర నిండా సూదిబెజ్జాలు ఎందుకుంటాయని నేనడిగితే తెర వెనక్కి తీసుకెళ్ళారు గుర్తుందా? అక్కడ నిలువెత్తు స్పీకర్లు. "మాట నటుడి నోట్లోంచి రావాలమ్మా, పక్క గోడలోంచి కాదు" అన్నారు. ఇంట్లో ఆ పని చేసేది సెంటర్ స్పీకరే. డీవీడీలో ధ్వని ఆరు దారుల్లో విడివిడిగా ఉంటుంది. ముందు ఎడమ, కుడి, నడుమ, వెనక రెండు, దడదడలాడే లోతు మోతకి ఊఫర్ అని ఒకటి. 5.1 అంటే ఇదే. మాటలు దాదాపు అన్నీ నడిమి దారిలోనే వస్తాయి. టీవీలో ఉన్న రెండు చిన్న స్పీకర్లలో మాట, వాయిద్యాలు, బాంబులు అన్నీ కలిపి కుక్కుతున్నారు కాబట్టే మీకు మాట అందట్లేదు. మీ చెవుల తప్పు సగమే.

కాబట్టి దాన్ని సరిగ్గా టీవీ నెత్తిన పెట్టండి, మీ పడక్కుర్చీ వైపు కొంచెం వంచండి. ముందువి రెండూ టీవీకి చెరోపక్క, మీరూ అవీ కలిపితే మూడు పక్కలూ సమానమైన త్రికోణం వచ్చేట్టు. వెనకవి మీ చెవులకి పక్కన, కాస్త వెనగ్గా, తల కంటే ఎత్తులో. వెనక గోడకి అమ్మ దేవుడి పటాలున్నాయి, వాటి జోలికి వెళ్ళకుండా పక్క గోడలకే మేకులు కొట్టండి. ఊఫర్ మూలన పెడితే ఎక్కువ మోగుతుంది, మూలకి రెండడుగులు ఇవతల పెట్టండి. టీవీకి దగ్గరగా మాత్రం వద్దు. స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది, ట్యూబు టీవీ మీద రంగులు మరకలు కడతాయి. సెంటర్ స్పీకరు టీవీకి ఆనించినా మరక పడని రకం కావాలని కొట్టులో అడిగి తీసుకోమనండి.

వైర్లు బిగించేటప్పుడు ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఒక్కటి తిరగేసినా మోగుతుంది కానీ లోతు మోత చచ్చిపోతుంది, ధ్వని ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు. ప్లేయరు నుంచి రిసీవరుకి నేను పంపిన నారింజ రంగు కొసల కేబులు ఒక్కటే చాలు, ఆరు దారులూ అందులోనే వెళ్తాయి. బొమ్మకి పసుపు వైరు. మీ టీవీ వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు కలిసి ఉంటే పసుపు మానేసి ఆ మూడు వాడండి, బొమ్మ ఇంకా తేటగా ఉంటుంది.

ఇక ప్లేయరు సెటప్‌లో మార్చాల్సినవి రెండే. డిజిటల్ ఆడియో అన్నచోట పీసీఎం ఉంటే బిట్‌స్ట్రీమ్ అని మార్చండి. లేకపోతే ఇంత చేసీ రెండు స్పీకర్లే మోగుతాయి. మా ఇంట్లో వారం రోజులు అలాగే మోగాయి, నేనూ మీ అల్లుడూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నాం. రెండోది టీవీ ఆకారం. 4:3 లెటర్‌బాక్స్ అని పెట్టండి. 16:9 పెడితే మనుషులు తాటిచెట్లలా సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. స్కోప్ లెన్సు మర్చిపోయి రీలు వదిలితే ఎలా ఉండేదో అలాగే. ఇదీ ఆ విద్యే, అడ్డంగా నొక్కిన బొమ్మని మళ్ళీ సాగదీయడం. స్కోపు సినిమాకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. మన 29 అంగుళాల టీవీలో దగ్గర దగ్గర సగం నలుపే. అమ్మకి నచ్చదు, బొమ్మ కోసేశారంటుంది. కొయ్యలేదని, కోస్తే అటూ ఇటూ ఉన్నవాళ్ళు పోయేవారని మీరే చెప్పండి.

రిసీవర్లో టెస్ట్ టోన్ అని ఉంటుంది. నొక్కితే ఒక్కో స్పీకర్లో వరసగా హోరు వినిపిస్తుంది. కుర్చీలో కూర్చుని అన్నీ సమానంగా వినిపించేట్టు పెట్టండి. ఏ స్పీకరు మీకు ఎన్ని అడుగుల దూరమో కూడా అడుగుతుంది. టేపు పెట్టి కొలిచి చెప్పండి, అడుగుకి దాదాపు ఒక మిల్లీసెకను లెక్కన దగ్గరున్నదాన్ని ఆపి అన్నీ ఒకేసారి చేరేట్టు చూసుకుంటుంది. అన్నీ అయ్యాక సెంటర్ ఒక్కదాన్ని మూడు అంకెలు పెంచండి. మాట లేచి వస్తుంది. అప్పటికీ ఫైటింగులు మీదపడితే నైట్ మోడ్ అని ఉంటుంది, పెద్ద చప్పుళ్ళని తగ్గించి చిన్న మాటల్ని పెంచుతుంది. అమ్మకి ఇక వంటింట్లోంచి రావాల్సిన పని ఉండదు.

పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలు వేసినప్పుడు రిసీవర్లో ప్రోలాజిక్ అన్న మీట నొక్కండి. వాటి ధ్వని ఒకటే దారి కాబట్టి మొత్తం సెంటర్లోనే వస్తుంది, మిగతావి మూగపోతాయి. పాడైందని తమ్ముడిని పరిగెత్తించకండి.

గదిలో నాపరాళ్ళు, కాంక్రీటు స్లాబు, ఒట్టి గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, మోత వినిపిస్తుంది. పెళ్ళికి కొన్న పెద్ద జంపఖానా అటక మీద ఉంది కదా, దాన్ని టీవీకీ కుర్చీకీ మధ్య పరవండి. కిటికీలకి మందపాటి కర్టెన్లు. రిసీవరు బాగా వేడెక్కుతుంది, అద్దాల బీరువాలో పెట్టి తలుపు మూయొద్దు. స్టెబిలైజరు లేకుండా వెయ్యొద్దు, ఉరుముతుంటే ప్లగ్గు పీకేయండి. డిస్కు తుడిస్తే పాత పంచె గుడ్డతో నడుమ నుంచి అంచుకి. గుండ్రంగా తుడవొద్దు. గుండ్రటి గీత పడితే వరుస వెంబడే పోతుంది, ఆ పొడుగునా పోయింది మిషను సరిదిద్దుకోలేదు. అడ్డగీతని దాటేస్తుంది.

ఆరింటిలో ఒకటి మీ మనవడు పెట్టించాడు. వాడు కింద ఇంగ్లీషు అక్షరాలు వేసుకుని చూస్తాడు. "తాతయ్య ఈ ఫైట్ చూశాక నాకు ఫోన్ చెయ్యాలి" అన్నాడు. శనివారం రాత్రి మీకు తొమ్మిదైతే వాడికి పొద్దున్న పదిన్నర, మేలుకునే ఉంటాడు.

హాల్లో డీటీఎస్ పెట్టిన ఏడు మీరు ఫోన్లో చెప్పింది ఇప్పటికీ మర్చిపోలేదు. రీళ్ళతో పాటు చిన్న పెట్టెలో సీడీలు వస్తున్నాయనీ, ఫిల్ము మీద గుర్తులు మాత్రమే ఉంటే మాటలన్నీ సీడీలోంచి వస్తున్నాయనీ. "ఈ బిళ్ళ రేపు బొమ్మని కూడా మింగేస్తుందమ్మాయ్" అన్నారు. అప్పటికే జపాన్లో డీవీడీ వచ్చేసిందట, 1996లోనే. మనిద్దరికీ తెలియదు.

అమ్మకి చీర, తమ్ముడికి బూట్లు అదే పెట్టెలో ఉన్నాయి. రిమోటుకి సెల్లులు వేయడం మర్చిపోయాను, రెండు పెన్సిల్ సెల్లులు కొనండి.

మీ పెద్దమ్మాయి