హాస్టల్ పిల్లలను కాపాడండి

అయ్యా,

విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నా, తిరుపతిలో కళాశాలలున్న వీధుల్లో కొన్ని బంకులు యూనిఫాం వేసుకున్న పిల్లలకు సైతం విడి సిగరెట్లు అమ్ముతున్నాయి. పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చేవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే ఈ అలవాటు వెనుక తరచూ వేధింపులు ఉంటాయి. ‘ఒక్క దమ్ము లాగకపోతే నువ్వేం మగాడివిరా’ అని సీనియర్లు పదిమందిలో ఎగతాళి చేస్తే, పల్లె నుంచి కొత్తగా వచ్చిన ఇంటర్ కుర్రాడు కాదనలేడు, ఇంట్లో చెప్పుకోనూలేడు. రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చినా, ఫిర్యాదు చేసిన పిల్లవాడినే సర్దుకుపొమ్మనే వార్డెన్లు ఉన్నంతకాలం అది అక్కరకు రాదు. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. అధికారులు బంకులను తనిఖీ చేయడంతోపాటు వార్డెన్లకు శిక్షణ ఇప్పించి, ప్రతి హాస్టల్ గోడపైనా బాలల సహాయవాణి 1098 నంబరు రాయించాలని కోరుతున్నాను.

– ఒక తల్లి, తిరుపతి