చిన్నత్త పంపిన ఫోటో గురించి

ఫిలడెల్ఫియా,
జూన్ 4.

నాన్నా,

ఫోన్‌లో చెబుదామంటే అమ్మ పక్కనుంచి అందుకుంటుంది, నా మాట సగంలో ఉండగానే కళ్ళు తుడుచుకోవడం మొదలెడుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇక్కడంతా బాగానే ఉంది. ఆఫీసు మామూలే, కొత్త మేనేజరు వచ్చాడు, ఫర్వాలేదు. జలుబు తగ్గింది.

నేను బారులో తాగుతున్నానని చిన్నత్త మీకు పంపిన ఫోటో సంగతి ఇది. అందులో టేబుల్ మీదున్నది వైన్ సీసానే. తెచ్చింది కూడా నేనే. కానీ చిన్నత్త అన్నట్టు అది బారు కాదు. సౌత్ ఫిలడెల్ఫియాలో వియత్నాం వాళ్ళ చిన్న హోటలు. భార్యాభర్తలు నడుపుతారు, వాళ్ళ పిల్లాడు కౌంటర్ పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంటాడు. ఈ పెన్సిల్వేనియా రాష్ట్రంలో మందు అమ్మే హోటలు లైసెన్సులకి కోటా ఉంది, కౌంటీలో (మన జిల్లా లాంటిది) 3,000 మంది జనాభాకి ఒకటి. ఎవరైనా వదులుకుంటే కొనుక్కోవాలి, ఈ ఊళ్ళో అది లక్ష డాలర్లు దాటుతుంది. చిన్నవాళ్ళు ఎక్కడ తేగలరు? అందుకని సీసా మీరే తెచ్చుకోండి అంటారు. గ్లాసులిస్తారు, బిరడా తీసిపెడతారు, చాలాచోట్ల దానికి పైసా అడగరు. లైసెన్సున్న చోట అదే సీసాకి రెండింతలు, మూడింతలు వేస్తారు.

అమ్మకి ఇది కూడా చెప్పు. నలుగురం వెళ్తాం, ఒక్క సీసా. 750 మిల్లీలీటర్లు నలుగురికి పంచితే ఎంతొస్తుందో నువ్వే లెక్కేసుకో. వచ్చేటప్పుడు బస్సులో వస్తాం. తాతయ్య సంగతి అమ్మ మర్చిపోలేదని నాకు తెలుసు. నేనూ మర్చిపోలేదు.

అమ్మ బీపీ మాత్రలు మార్చారా? పోయినసారి అడిగితే మాట దాటేశావు.

అసలు చిక్కంతా 'వైన్ షాపు' అన్న మాటతోనే. మన వైన్ షాపుల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి! అమ్మ కళ్ళముందు సందు చివర ఆ ఇనుప గ్రిల్లు, ఆ తోపులాట తప్ప ఇంకేం మెదులుతుంది. ఇక్కడి దుకాణాలు ప్రభుత్వమే నడుపుతుంది. మన ఆంధ్రలో 2019 నుంచి 2024 దాకా నడిపినట్టే, కాకపోతే వీళ్ళు 1934 నుంచీ నడుపుతున్నారు. లోపల లైబ్రరీలా దేశాలవారీగా అరలుంటాయి. నీకు నచ్చే విషయం ఒకటుంది. 1936లో జాన్స్‌టౌన్ అనే ఊరు వరదలో మునిగితే, దాన్ని బాగుచేయడానికి మద్యం మీద 10 శాతం పన్ను వేశారు. ఊరు ఎప్పుడో బాగుపడింది. పన్ను మాత్రం 18 శాతం అయి ఇప్పటికీ ఉంది, సీసా ధరలోనే కలిపేస్తారు. హుద్‌హుద్‌కి మనవాళ్ళకి ఈ ఆలోచన రాలేదు, బతికిపోయారు.

మొదటిసారి నేను పరువు కోసం 28 డాలర్లు పోసి కాలిఫోర్నియా కాబర్నే పట్టుకెళ్ళాను. ఎర్ర వైన్, మందు 14.5 శాతం. ఒట్టిగా తాగితే బాగానే ఉంది. పచ్చిమిరపకాయ కొరికాక తాగితే నోట్లో నిప్పులే. పచ్చి వక్క నమిలినట్టు వగరు, దాని మీద మంట. మాలో నెల్లూరమ్మాయి జగ్గుడు నీళ్ళు తాగేసింది. కారానికి వగరు పనికిరాదని, మందు శాతం ఎక్కువైతే మంట ఇంకా ఎక్కువవుతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కారం తినే రోజున జర్మనీ రీస్లింగ్ అనే తెల్ల వైన్ తెస్తాను. లేబుల్ మీద 'కాబినెట్' అని ఉంటే చాలావరకు కాస్త తీపి, బాగా పులుపు, 8, 9 శాతమే. పక్కనే 'ట్రాకెన్' అని కూడా ఉంటే తీపి ఉండదు, అది చూసుకోవాలి.

తర్వాత నీ పద్ధతిలోకి వచ్చేశాను. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో వంజరం దగ్గర జనం మూగితే నువ్వు ఆగకుండా వెళ్ళిపోయేవాడివి. చివర్న గోనెపట్టా మీద గులివింద చేపలు పెట్టుకున్న ముసలమ్మ ముందు గొంతుక్కూర్చుని, ఒకటి తీసి, మొప్ప ఎత్తి చూసి, వీపు మీద బొటనవేలితో నొక్కేవాడివి. గుంట పడిందా, లేచి దులుపుకోవడమే. ఇక్కడా అంతే. సాన్సేర్ అని ఫ్రాన్సులో వైన్‌కి పేరుమోసిన ఊరుంది. దాన్ని ఆనుకునే మెనెతూ-సలోన్ ఉంది. అదే సోవిన్యోన్ ద్రాక్ష, ధర తక్కువ. ఎంవీపీ కాలనీలో గజం ధరకీ రెండు వీధులవతల ధరకీ ఉండే తేడా అనుకో. ఆస్ట్రియావాళ్ళ తెల్ల వైన్ గ్రూనర్ కొన్ని లీటరు సీసాల్లో వస్తాయి, కూల్‌డ్రింకు మూతతో. ఆ మూత చూసి అందరూ చులకన చేస్తారు. నాకు పావు లీటరు కొసరు కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది మస్కడే. లోయిర్ నది సముద్రంలో కలిసే చోటి తెల్ల వైన్, 14 డాలర్లు పెట్టాను. 'సూర్ లీ' అని రాసుంటే చలికాలమంతా అడుగున దిగిన మడ్డి తీయకుండా వైన్‌ని దాని మీదే ఉంచారని అర్థం. ఉప్పు ఉండదు గానీ ఉప్పు తగిలినట్టుంటుంది. ఆ వియత్నాం ఆవిడ మట్టి దాకలో చేప తెస్తుంది. పంచదార మాడ్చి, చేపల సాసు, మిరియాలు వేసి ఇగరబెడుతుంది. చింతపండు లేదన్నమాటే గానీ, ఆ రంగు చూస్తే నానమ్మ చేపల పులుసు మర్నాటికి ఎలా ఉండేదో అలాగే. మొదటిసారి మూత తీసినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. చిన్నత్త పంపిన ఫోటో అప్పటిదే. అందులో నా మొహం అలా ఉంది మత్తు వల్ల కాదు నాన్నా.

డబ్బు తగలేస్తున్నాననుకోకు. నెలకి రెండుసార్లు, సీసా వంతులవారీగా. ఇంట్లో ఒక్కదాన్నే పెరుగన్నం తింటూ లాప్‌టాప్ చూసే శనివారాల కన్నా నయం.

నెల్లూరమ్మాయికి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది, నెలాఖరుకి వెళ్ళిపోతోంది. ఈసారి సీసా వంతు నాదే. మస్కడే తీసుకెళ్తాను.

పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించొద్దు. పక్కవాళ్ళ గోడ గొడవ నేను వచ్చాక చూద్దాం.

వేట నిషేధం 14తో అయిపోతుంది కదా. బోట్లు తిరిగొచ్చాక మొదటి ఆదివారం హార్బర్‌కి వెళ్ళినప్పుడు వీడియో కాల్ చెయ్యి. నీకు పొద్దున్న 6 అయితే మాకు శనివారం రాత్రి 8:30, ఆ టేబుల్ దగ్గరే ఉంటాం. గులివిందలు వచ్చాయో లేదో చూపించు. కాల్ అయ్యేదాకా అమ్మకి చెప్పకు.

నీ కూతురు