ఖాళీలో ఉన్నామంటే లెక్క తీరిపోదు

సంపాదకులకు,

మన గెలాక్సీ ఓ పెద్ద ఖాళీ ప్రాంతంలో ఉందనీ, విశ్వవ్యాకోచం రేటు మీది పేచీ దాంతో తీరిపోయిందనీ గత ఆదివారం మీ సైన్సు పేజీలో రాశారు. పేచీ నిజమే. విశ్వపు తొలినాటి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో ఆ రేటు 67.4, దగ్గరి సూపర్‌నోవాల (పేలిపోయిన నక్షత్రాల) లెక్కలో 73; ప్రతి మెగాపార్సెక్‌కు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకు ఇన్ని కి.మీ. అని. తేడా 8 శాతం పైనే. తీరిందనడమే తొందరపాటు.

వెనక్కి లాగే పదార్థం తక్కువ కాబట్టి, ఖాళీలో గెలాక్సీలు కాస్త వేగంగానే విడిపోతాయి. అక్కడి వేగాన్ని విశ్వమంతటికీ అంటగడితే, హెబ్బాళ దాటాక ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద వేగం కొలిచి బెంగళూరంతా బండ్లు ఇలాగే పోతున్నాయన్నట్టుంటుంది. కానీ ఎంత ఖాళీ కావాలి? సగటు కన్నా పదార్థం ఎంత శాతం తగ్గితే, అందులో సుమారు ఆరో వంతు రేటు పెరుగుతుంది. 8 శాతం రావాలంటే దాదాపు సగం పదార్థం లేకుండా పోవాలి. 2013లో గెలాక్సీలను లెక్కబెట్టినవారు చెప్పిన కొరత సుమారు 100 కోట్ల కాంతి సంవత్సరాల దాకానే. రేటు కట్టడానికి వాడే సూపర్‌నోవాలు 0.15 రెడ్‌షిఫ్ట్ (వ్యాకోచం వల్ల కాంతి ఎరుపు వైపు జరిగే కొలత; దూరంతో పెరుగుతుంది) వరకు, అంటే దానికి రెట్టింపు దూరం దాకా ఉన్నాయి. ఖాళీ అంచు దాటేచోట వాటి దూరానికీ రెడ్‌షిఫ్ట్‌కీ గీసిన గ్రాఫ్‌లో మెట్టు పడాలి. 2019లో వెయ్యికి పైగా సూపర్‌నోవాలతో వెతికితే అది కనిపించలేదు.

ఇదే గ్రాఫ్‌ను 0.023 రెడ్‌షిఫ్ట్ నుంచే మొదలుపెట్టడానికీ కారణముంది. ఇరుగుపొరుగు లాగుడుకి ఒక్కో గెలాక్సీ సెకనుకు 300 కి.మీ. దాకా సొంతంగా కదులుతుంది. 0.01 దగ్గర వ్యాకోచ వేగమే 3,000 కి.మీ.; పదో వంతు తప్పు అక్కడే వస్తుంది. 0.023 దగ్గర అది 4 శాతానికి దిగుతుంది. సూపర్‌నోవాల సంఖ్య పెంచితే సర్దుకుంటుందా అంటే, పూర్తిగా కాదు. పక్కపక్క గెలాక్సీలు గుంపుగా ఒకే వైపు కొట్టుకుపోతాయి.

దూరం పెరిగేకొద్దీ ఈ బెడద పోయి ఇంకొకటి వస్తుంది, దారిలోని పదార్థం కాంతిని వంచడం. ఎక్కువ కిరణాలు ఖాళీల గుండా వస్తాయి కాబట్టి ఎక్కువ సూపర్‌నోవాలు కొంచెం మసకగా, కొద్దిపాటివి బాగా మెరుస్తూ కనిపిస్తాయి. 1 రెడ్‌షిఫ్ట్ దగ్గర ఈ హెచ్చుతగ్గు వెలుగులో 5 శాతం, లెక్కగట్టే దూరంలో అందులో సగం. ఇలా ఖాళీల వల్ల దూరాల లెక్క తప్పుతుందేమోనని 1964లో సోవియట్ భౌతికశాస్త్రవేత్త జెల్డోవిచ్ అనుమానం లేవనెత్తితే, మొత్తం మీద వెలుగు తగ్గదని 1976లో అమెరికా భౌతికశాస్త్రవేత్త వైన్‌బర్గ్ చూపించారు. అందుకే ముందు వెలుగుల సగటు తీసి తర్వాత మాగ్నిట్యూడ్ (ఖగోళశాస్త్రంలో వెలుగు కొలిచే స్కేలు) లోకి మార్చాలి. మాగ్నిట్యూడ్ లాగరిథం కదా, నేరుగా దాని సగటే తీస్తే దూరం పక్కకు జరుగుతుంది. అయితే ఇది దూరపు సూపర్‌నోవాల గొడవ; 73 అనే అంకెను కదిలించేంత బలం దీనికి లేదు.

ఇంకో సవరణ. ‘సెకనుకు 73 కి.మీ.’ అని అచ్చువేశారు. ప్రతి మెగాపార్సెక్‌కు అన్నది వదిలేశారు.

– ఒక ఖగోళశాస్త్ర అధ్యాపకుడు, మల్లేశ్వరం, బెంగళూరు