నాన్నకు, లైట్ల సంగతి

నాన్నకు,

మొన్న ఫోన్లో "లైట్లు పెట్టడానికి కూడా డిజైనర్ ఎందుకురా, ఎలక్ట్రీషియన్ చాలడా?" అన్నారు కదా. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ రెండు రోజుల నుంచి అదే బుర్రలో తిరుగుతోంది.

ఇప్పుడు ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఒక యూనివర్సిటీ బిల్డింగ్ పని నడుస్తోంది. బయట రాతి గోడ, లోపల ప్లాస్టర్. తార్నాకలో మన ఇంటికి రంగులేయించినప్పుడు పెయింటర్ లప్పం పెట్టాక బల్బుని గోడకి ఆనించి పట్టుకుని చూసేవాడు, గుర్తుందా? అంతవరకూ నున్నగా కనిపించిన గోడ, పక్క నుంచి వెలుతురు పడగానే గుంటలన్నీ చూపించేది. నా పనిలో సగం అదే. రాతి గోడకి దగ్గరగా, కింద నుంచి లైటు వేస్తే ఉలి దెబ్బలన్నీ నీడలతో పైకి లేస్తాయి, చూడ ముచ్చటగా ఉంటుంది. ఆ ఉత్సాహంలో లోపల హాల్లో ప్లాస్టర్ గోడకీ అలాగే పెట్టించాను. సాయంత్రం స్విచ్ వేస్తే తాపీ గీతలు, అతుకులు, మొత్తం బయటపడ్డాయి! క్లయింట్ ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు లైట్లని గోడకి దూరంగా జరిపిస్తే సరిపోయింది. ఆ పెయింటర్ ఉంటే ముందే చెప్పేవాడు.

ఇంకో గొడవ, అందరికీ అన్నిచోట్లా వెలుతురు కావాలి. లెక్చర్ హాల్లో బల్ల మీద 500 లక్స్ (వెలుతురు కొలత లెండి) ఉండాలి, కారిడార్‌కి 100 చాలు, అయినా ఒప్పుకోరు. రంగు సంగతీ అంతే. దాన్ని కెల్విన్‌లలో కొలుస్తాం, మన హాల్లో ట్యూబ్‌లైట్ 6500 కెల్విన్, తెల్లగా కొడుతుంది, ఇక్కడ నేను వాడుతున్నది 3000, మీరు చూస్తే "ఇదేంట్రా, పాతకాలం అరవై క్యాండిల్ బల్బులా పచ్చగా" అంటారు. వెనక చెట్ల వైపైతే లైట్లే వద్దన్నారు, గబ్బిలాల కోసం! ఇక్కడ వాటికి చట్టం రక్షణ ఉంది. అమ్మకి మాత్రం చెప్పకండి, గబ్బిలాలున్న చోట పనేంటంటుంది.

మీతో చిన్న పని. వాకింగ్‌కి ఉస్మానియా వైపు వెళ్తారుగా, ఒకరోజు చీకటి పడ్డాక ఆర్ట్స్ కాలేజీ ఫోటోలు తీసి పంపండి. ఎదురుగా నిలబడి తీసినవి నెట్‌లో బోలెడున్నాయి, నాకు గోడ పక్కగా నిలబడి తీసినవి కావాలి. 1939లో తెరిచిన బిల్డింగ్ అది, గులాబీ గ్రానైట్, తెల్ల లైటు పడితే ఆ గులాబీ పాలిపోతుంది, పసుపు లైటుకి బతుకుతుంది, నాకది చూడాలని ఉంది. అలాగే మెట్లెక్కుతుంటే ఏ లైటైనా కళ్ళలో కొడుతోందేమో చూడండి. కాటరాక్ట్ ఆపరేషన్‌కి ముందు ఎదురు లైటుకి మీరు పడ్డ ఇబ్బంది నేను మర్చిపోలేదు, డ్రాయింగ్‌లో మెట్ల దగ్గరికి రాగానే మీరే గుర్తొస్తారు.

అన్నట్టు మన మెట్ల దగ్గర ఇంకా ఆ జీరో బల్బే ఉందని అమ్మ చెప్పింది. తీసేసి 9 వాట్ల ఎల్ఈడీ వేయించండి. దానికి ఎలక్ట్రీషియన్ చాలు.

మీ
చిన్నోడు