‘కలుషితాహారం’ అన్న మాట దగ్గర ఆగిపోవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఒకే చోట తిన్న పదుల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైనప్పుడు వచ్చే వార్తలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. కలుషితాహారం తిని అస్వస్థతకు గురయ్యారని, నమూనాలను ప్రయోగశాలకు పంపారని, విచారణ జరుగుతోందని చదువుతాం. ఆ నమూనాలలో ఏమి తేలిందో ఆ తరవాత ఎవరూ చెప్పరు. సూక్ష్మజీవశాస్త్రం బోధించే నన్ను ఈ మౌనం చాలాకాలంగా బాధిస్తోంది.

‘విషాహారం’ అన్న మాట వినగానే ఆహారంలో ఏదో జడపదార్థం కలిసిందన్న భావన కలుగుతుంది. నిజానికి చాలా సందర్భాలలో ఆహారంతోపాటు లోపలికి వెళ్ళేది పరిసరాలను పసిగట్టి, వాటికి తగినట్టు తన జన్యువులను నడుపుకునే జీవి. లిస్టీరియా మోనోసైటోజెనిస్ అనే బ్యాక్టీరియా ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలిలోనూ నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. ఉప్పును తట్టుకోవడానికి బీటైన్, కార్నిటైన్ అణువులను లోపలికి లాక్కునే జన్యువులు, కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవడానికి గ్లూటమేట్‌ను వాడుకునే జన్యువులు దానికి ఉన్నాయి. ఇక వ్యాధిని కలిగించే ముఖ్యమైన జన్యువులు పీఆర్ఎఫ్‌ఏ అనే ప్రోటీన్ అదుపులో ఉంటాయి. ఆ ప్రోటీన్ తయారీకి సమాచారాన్ని మోసే ఆర్ఎన్ఏ మొదటి భాగం, చల్లగా ఉన్నంతసేపూ తనలో తాను మడతపడి, కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌కు చోటివ్వదు. 37 డిగ్రీల వేడి ఉన్న మన శరీరంలోకి చేరాక ఆ మడత విడిపోతుంది, ప్రోటీన్ తయారవుతుంది, దాడి మొదలవుతుంది. 2002లో ప్రచురితమైన ఈ పరిశోధనను తరగతిలో వివరించిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యంతోపాటు భయమూ కలుగుతుంది. ఎందుకంటే గర్భిణికి స్వల్ప జ్వరంలా వచ్చి పోయే ఈ వ్యాధి కడుపులోని బిడ్డ ప్రాణం తీయగలదు.

అయితే లిస్టీరియాలన్నీ ఒకేలాంటివి కావు. పేగు కణాలను పట్టుకోవడానికి అవసరమైన ఇంటర్నలిన్-ఎ ప్రోటీన్ జన్యువు కొన్ని స్ట్రెయిన్లలో (ఒకే జాతిలోని ఉపరకాలలో) మధ్యలోనే తెగిపోయి ఉంటుంది కాబట్టి వాటికి వ్యాధి కలిగించే శక్తి తక్కువ. మరికొన్ని స్ట్రెయిన్లు క్రిమిసంహారకాలను తట్టుకునే జన్యువులను సంపాదించుకుని, ఆహార కర్మాగారాల మురుగు గొట్టాలలో, యంత్రాల సందులలో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి. ‘లిస్టీరియా ఉంది’ అన్న ఒక్క మాటతో ముగిసే నివేదిక ఈ తేడాలలో దేన్నీ చెప్పదు.

2011లో జర్మనీలో జరిగింది గుర్తు చేసుకోవాలి. పేగు గోడలకు గట్టిగా అతుక్కునే ఒక ఇ.కొలై బ్యాక్టీరియా స్ట్రెయిన్‌లోకి, బ్యాక్టీరియాలకు సోకే ఒక వైరస్ ద్వారా షిగా టాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే జన్యువు చేరింది. ఆ స్ట్రెయిన్ వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా మరణించారు. కొన్ని యాంటీబయాటిక్‌లు ఆ వైరస్‌ను మేల్కొలిపి టాక్సిన్‌ను పెంచగలవు కాబట్టి, ఏ బ్యాక్టీరియా సోకిందన్నది రోగి మంచం పక్కన ఉన్న వైద్యుడికి తక్షణం తెలియవలసిన విషయం. మొదట అనుమానం స్పెయిన్ దోసకాయల మీద పడింది. వాటిలో దొరికిన ఇ.కొలై వేరే స్ట్రెయిన్ అని తేలేలోగానే ఏ తప్పూ చేయని రైతుల పంట కొనేవారు లేక పాడైపోయింది. అసలు కారణం మొలకెత్తిన మెంతి గింజలు. ఇలాంటి వివరాలు బయటపెడితే వ్యాపారాలు దెబ్బతింటాయని వాదించేవారు ఈ ఉదంతాన్ని ఆలోచించాలి, జన్యువులు ఇచ్చే సాక్ష్యం నిర్దోషిని కాపాడుతుంది కూడా.

2017-18లో దక్షిణాఫ్రికాలో వెయ్యి మందికి పైగా లిస్టీరియా బారిన పడి, 200 మందికి పైగా చనిపోయారు. రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియాలో అత్యధికం ఒకే రకానికి చెందినదని జన్యుక్రమం (డీఎన్ఏలోని అక్షరాల వరుస) చూపింది. అదే రకం ఒక మాంస పదార్థాల కర్మాగారంలోనూ దొరికాకే మూలం బయటపడింది. ఊరూరా విడివిడిగా కనిపించే రోగులను ఒక్క తాటి మీదికి తెచ్చే శక్తి ఈ పరీక్షకు ఉంది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని ప్రస్తావించక తప్పదు. నమూనాలోని డీఎన్ఏను మాత్రమే గుర్తించే త్వరిత పరీక్షలు గంటలలో ఫలితం ఇస్తాయి, చికిత్సకు అవి ఎంతో మేలు. కానీ అక్కడితో ఆగి మిగిలిన నమూనాను పారవేస్తే బ్రతికిన బ్యాక్టీరియా చేతిలో మిగలదు, పూర్తి జన్యుక్రమం చదవడం కష్టమవుతుంది. అందువల్ల పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనానూ కల్చర్ చేసి, అంటే అందులోని బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి, భద్రపరచాలి, జన్యుక్రమం చదవాలి, రోగి వివరాలు లేకుండా, తేదీ, ఆహారం రకంతో సహా ఆ సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉండే డేటాబేస్‌లో వెంటనే ఉంచాలి. నెలల తరవాత ఉంచితే, అదే కర్మాగారం నుంచి వచ్చిన ఆహారాన్ని ఈలోగా ఎందరో తిని ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా 4,20,000 మంది చనిపోతున్నారు, వారిలో 1,25,000 మంది అయిదేళ్ళ లోపు పిల్లలు. అందుకే మీకు ఒక విన్నపం. మొదటి రోజు వార్త ప్రచురించిన నెల తరవాత మీ విలేకరులు సంబంధిత ప్రయోగశాలను మళ్ళీ సంప్రదించి మూడు ప్రశ్నలు అడగాలి. ఏ స్ట్రెయిన్ దొరికింది? అది ఇంతకుముందు మరెక్కడైనా కనిపించిందా? దాని జన్యుక్రమాన్ని ఎక్కడ ఉంచారు? వచ్చిన జవాబులను, జవాబు రాకపోతే ఆ సంగతిని, మొదటి వార్తకు ఇచ్చినంత చోటులోనే ప్రచురించండి.

ఇట్లు,
సూక్ష్మజీవశాస్త్రం బోధించే ఒక పాఠకురాలు