రాష్ట్రపతి ఎన్నికకు 1971 లెక్క ఇంకెన్నాళ్లు?

సంపాదకులకు నమస్కారం.

నియోజకవర్గాల పునర్విభజన జరిగితే లోక్‌సభలో దక్షిణాది బలం ఎంత తగ్గుతుందని పత్రికలన్నీ రాస్తున్నాయి. రాయాల్సిందే. కానీ లోక్‌సభ సీట్లలాగే 1971 జనాభా లెక్క మీద నడుస్తున్న మరో ఎన్నిక ఉంది, అది రాష్ట్రపతి ఎన్నిక. దాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ద్రౌపది ముర్ముగారి పదవీకాలం 2027 జులై 24తో ముగుస్తుంది, ఆలోపే కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలి. ఆ ఎన్నికలో మన ఎమ్మెల్యే వేసే ఓటు విలువ ఎంతో ఇవాళ ఎవరూ గట్టిగా చెప్పలేరు.

రాజ్యాంగం 55వ అధికరణంలోని లెక్క చిన్నదే. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ తేలుతుంది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో 1971 జనాభా 2,78,00,586. దాన్ని 175తో, ఆపైన వెయ్యితో భాగిస్తే 158.86 వస్తుంది, సగం దాటింది కాబట్టి 159. తెలంగాణ జనాభా అప్పుడు 1,57,02,122. 119 మంది ఎమ్మెల్యేలకు లెక్కగడితే 132. ఇలా రాష్ట్రాలన్నిటి ఎమ్మెల్యేల ఓట్ల విలువ కలిపి, అంతే విలువను ఎంపీలందరికీ సమానంగా పంచుతారు, అంటే సగం బలం అసెంబ్లీలది, సగం ఎంపీలది. 2022లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 700 అయింది అలాగే. ఇవాళ ఓటర్ల జాబితాలో ఉన్న తెలుగువాళ్లలో ఎక్కువమంది 1971 నాటికి పుట్టనే లేదు.

అదే భాగహారం 2011 జనాభాతో చేసి చూడండి. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 280 దాటుతుంది, తెలంగాణది 290 దాటుతుంది. అంటే ఇప్పుడు వెనకున్న తెలంగాణ ఎమ్మెల్యే ముందుకొస్తారు. అందరి అంకెలూ పెరుగుతాయి కాబట్టి అసలు చూడాల్సింది మొత్తంలో ఎవరి వాటా ఎంతన్నది. అసెంబ్లీల ఓట్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 5 శాతం నుంచి దాదాపు 4కు పడిపోతుంది. తెలంగాణ వాటా దాదాపు ఉన్నచోటే ఉంటుంది. తమిళనాడు ఏడున్నర నుంచి ఆరుకు దిగుతుంది, ఉత్తరప్రదేశ్ ఇంకాస్త పైకి పోతుంది. ఈ విషయంలో దక్షిణాది అంతా ఒకటే అనే మాట సరికాదు. రెండు తెలుగు రాష్ట్రాలకే ఒకే నష్టం లేదు.

న్యాయంగా చెప్పాలంటే అవతలివాళ్ల బాధా నిజమే. 2011 లెక్కన రాజస్థాన్‌లో ఒక్కో ఎమ్మెల్యే 3.4 లక్షల మందికి ప్రతినిధి, కేరళలో 2.4 లక్షల మందికి. కానీ రాష్ట్రపతి ఎన్నికలో రాజస్థాన్ ఎమ్మెల్యే ఓటు 129, కేరళ ఎమ్మెల్యేది 152. ఇదేం లెక్క అని జైపూర్‌లో ఎవరైనా అడిగితే మన దగ్గర ఒక్కటే జవాబు. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణతో ఈ లెక్కను 1971 దగ్గరే ఆపారు, 2001లో 84వ సవరణతో ఆ గడువు పొడిగించారు. ఆ మాట ఇచ్చింది పార్లమెంటే. దాన్ని మార్చాలన్నా కొనసాగించాలన్నా పార్లమెంటే నోరు తెరిచి చెప్పాలి.

నా భయమల్లా అలా చెప్పకుండానే మారిపోతుందేమోనని. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన సంఖ్యలు ప్రచురించేదాకానే 1971 లెక్క వాడాలన్నది నిబంధన. కేంద్రం ప్రకటించిన జనగణనకు ప్రమాణ తేదీ, అంటే ఏ రోజు నాటి జనాభాను లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీ, 2027 మార్చి 1. 2011లో మార్చి 31 కల్లా తాత్కాలిక సంఖ్యలు బయటికొచ్చాయి. ఈసారీ అలాగే వస్తే జులై ఎన్నికకు కొత్త లెక్క వాడతారా? తాత్కాలిక సంఖ్యలు వస్తే సరిపోతుందా, తుది సంఖ్యలు రావాలా? జనగణన సంఖ్యలు చెప్పే ఒక ప్రెస్‌మీట్ నెల ముందు పెట్టారా, వెనక పెట్టారా అన్నదాన్ని బట్టి దేశాధినేత ఎన్నికలో రాష్ట్రాల బలాబలాలు మారడం ఏం పద్ధతి?

రాష్ట్రపతి ఎలాగూ మంత్రివర్గం సలహా మీదే నడుస్తారు, ఈ లెక్కలతో టెన్షన్ ఎందుకని కొందరంటారు. అసెంబ్లీలు పాస్ చేసిన బిల్లులను గవర్నర్లు రాష్ట్రపతి దగ్గరికే పంపుతుండటం చూస్తే ఆ మాట అనరు. పోటీ గట్టిగా ఉన్నప్పుడు ప్రతి ఓటూ లెక్కే. 1969లో ఇద్దరు తెలుగువాళ్లు, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కలేదు, ద్వితీయ ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. ఇవాళ్టి తెలంగాణ అసెంబ్లీ ఓట్ల విలువే 15,708.

ఈ గొడవంతా లేకుండా జనమే నేరుగా ఎన్నుకుంటే పోలా అనే సలహా కూడా వినిపిస్తుంటుంది. అది రాజ్యాంగ సభలో కె.టి. షా గట్టిగా అడిగిందే, సభ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. కోట్ల ఓట్లతో గెలిచిన రాష్ట్రపతి ప్రధాని మాట విని సంతకం పెడుతూ కూర్చోరు. పద్ధతిని ఉంచి లెక్కను సరిచేసుకోవాలి. మొన్న 2022లో 15 మంది ఎంపీల ఓట్లు చెల్లకుండా పోయాయి, 2017లో 21 మందివి. ఇచ్చిన పెన్నుతో పేరు ఎదురుగా 1 అని వేయడం రాని వాళ్లకు ఏ సవరణ పనిచేస్తుందో నాకు తెలియదు, అది వేరే సంగతి.

నా అభిప్రాయం ఇది. లోక్‌సభ సీట్ల పంపకం తేలేదాకా రాష్ట్రపతి ఎన్నికలో ఇప్పటి విలువలను కదపకూడదు. రెండూ కలిపి ఒకేసారి తేల్చాలి. లోక్‌సభలో జనాభాకు ఎలాగూ పెద్దపీట ఉంటుంది, కనీసం రాష్ట్రపతి ఎన్నికలో అసెంబ్లీల సగమైనా రాష్ట్రాలకు ఇచ్చిన మాట మీద నిలబడాలి. రాజస్థాన్‌వాళ్లు దీన్ని ఒప్పుకోకపోవచ్చు, వాళ్ల వాదన సభలో వినాల్సిందే.

అయితే దీనికి టైమ్ లేదు. 55వ అధికరణాన్ని సవరించాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ సరిపోదు, కనీసం సగం రాష్ట్రాల అసెంబ్లీలు కూడా ఆమోదించాలి. అది నెలల పని. సీట్లు తగ్గుతాయని ఢిల్లీలో ప్లకార్డులు పట్టుకునే మన ఎంపీలు, పార్టీ ఏదైనా సరే, వచ్చే సమావేశాల్లో ప్రభుత్వాన్ని ఈ ఒక్క ప్రశ్న అడగాలి: 2027 జులైలో మా ఎమ్మెల్యే ఓటు విలువ ఏ సంవత్సరం జనాభాతో లెక్కగడతారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

— ఒక పాఠకుడు, తెనాలి